మోలే: ఈ మెక్సికన్ వంటపేరుకి అసలు అర్థం ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది?

సుజాత_డాలస్:

అందరికీ నమస్కారం. ఇక్కడి మెక్సికన్ హోటళ్ల మెనూల్లో ‘మోలే పొబ్లానో’ అని ఉంటుంది. ముదురు గోధుమరంగు చిక్కటి గ్రేవీ, అందులో కోడిముక్కలు, పైన చల్లిన నువ్వులు. రుచి నాకు బాగా నచ్చింది. కానీ ఆ పేరు గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. ఒకరు చాక్లెట్ సాస్ అన్నారు. ఇంకొకరు స్పానిష్‌లో మోలేర్ అంటే రుబ్బడం, దాని నుంచే వచ్చిందన్నారు. నెట్‌లో చాలాచోట్ల ‘మిశ్రమం’ అని రాశారు. గ్వాకమోలేలో ఉన్న మోలే కూడా ఇదేనా? పచ్చి అవకాడో పచ్చడికీ, ఇన్ని మసాలాలు వేసి గంటలకొద్దీ మరిగించే ఈ గ్రేవీకీ ఒకే పేరు ఎలా వచ్చింది? మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. నాకంటే ఆవిడకే ఆసక్తి ఎక్కువ. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గోదారిగట్టు:

సుజాత గారూ, రుబ్బడం అనే అర్థమే సరైందని నా అభిప్రాయం. స్పానిష్‌లో మోలేర్ అంటే రుబ్బడం, విసరడం. మోలీనో అంటే పిండిమర. మోలే చేయడంలో సగం శ్రమ నూరడంలోనే ఉంది కదా. ఎండుమిరప, గింజలు, మసాలా దినుసులు అన్నీ మెత్తగా ముద్ద కావాలి. మాటా పనీ ఇంత చక్కగా కలిసినప్పుడు వేరే మూలం వెతకడం ఎందుకు?

పదాలపుట్ట:

గోదారిగట్టు గారూ, రెండూ కలిసినట్టు కనిపించడం నిజమే. కానీ అది కేవలం ధ్వనిసామ్యం. మోలే స్పానిష్ మాట కాదు, నావాట్ల్ మాట. ఆజ్టెక్‌లు మాట్లాడిన భాష ఇది. చచ్చిపోయిన భాష అనుకోకండి, మెక్సికోలో ఈనాటికీ పదహారు లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు.

నావాట్ల్‌లో అసలు రూపం ‘మోల్లి’. మొదటి ఓకారం దీర్ఘం. ఆలోన్సో దె మోలీనా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1571లో మెక్సికో నగరంలో అచ్చువేయించిన నావాట్ల్ నిఘంటువులో ఇది ‘ముల్లి’ అని ఉంది. ఆ భాషలో ఓకారానికీ ఉకారానికీ అర్థభేదం లేదు కాబట్టి ఆయన చెవికి అలా వినిపించింది. అక్కడ ఇచ్చిన అర్థం ‘వండిన కూర, పులుసు’ అని. రుబ్బడం అని గానీ, మిశ్రమం అని గానీ లేదు. నావాట్ల్‌లో రుబ్బడానికి వేరే క్రియ ఉంది: ‘తేసి’. మోల్లికీ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు గ్వాకమోలే సంగతి. ఇదే నాకు బాగా ఇష్టమైన భాగం, కొంచెం ఓపిగ్గా చదవండి. నావాట్ల్‌లో నామవాచకం ఒంటరిగా ఉన్నప్పుడు చివర ఒక ప్రత్యయం చేరుతుంది. మాట అచ్చుతో ముగిస్తే ‘ట్ల్’, హల్లుతో ముగిస్తే ‘ట్లి’, ఆ హల్లు లకారమైతే ‘లి’. ఆవాకా+ట్ల్ అంటే అవకాడో. పోక్+ట్లి అంటే పొగ. మోల్+లి అంటే మన మోలే. బడిలో చదువుకున్న డుమువులు గుర్తున్నాయా? రాముడు, బాణము విడిగా ఉంటే డు, ము ఉంటాయి. సమాసం చేస్తే రామబాణము అవుతుంది, మొదటి మాట మీది ‘డు’ ఊడిపోతుంది. నావాట్ల్ చేసేదీ అచ్చంగా అదే. ఆవాకాట్ల్, మోల్లి కలిస్తే ‘ఆవాకామోల్లి’. దాన్నే స్పానిష్ వాళ్లు గ్వాకమోలే అన్నారు. అవకాడో మోలే అన్నమాట. మిరపతో చేస్తే ‘చీల్‌మోల్లి’. యూకతాన్ వైపు చిల్మోలే అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

కాబట్టి సుజాత గారూ, గ్వాకమోలేలోని మోలే ఇదే. దినుసులు ఏవైనా, ముద్దగా నూరి, అన్నం స్థానంలో వాళ్లు తినే మొక్కజొన్న రొట్టెకి గానీ మాంసానికి గానీ తోడుగా పెట్టేదంతా మోల్లి పరిధిలోకి వచ్చేది. వండినదా పచ్చిదా అనే తేడా ఆ మాటకి లేదు.

నల్లరేగడి:

మంచి వివరణ అన్నా. ఒక సందేహం. స్పానిష్ మాట నుంచే నావాట్ల్ వాళ్లు అరువు తెచ్చుకుని ‘లి’ తగిలించుకున్నారని ఎవరైనా వాదిస్తే? 1571 నాటికి స్పెయిన్ వాళ్లు వచ్చి యాభై ఏళ్లు అయింది కదా. యాభై ఏళ్లలో మాటలు అరువు రాకుండా ఉంటాయా?

పదాలపుట్ట:

చాలా మంచి ప్రశ్న. ఆజ్టెక్‌ల రాజధాని తెనోచ్తిత్లాన్ 1521లో పడింది కాబట్టి మీరన్న లెక్క సరైనదే. కానీ మూడు విషయాలు ఆ వాదనని నిలబడనివ్వవు.

బెర్నార్దీనో దె సాహాగున్ అనే ఇంకో సన్యాసి నావాట్ల్ పెద్దల్ని అడిగి, నావాట్ల్ తెలిసిన కుర్రాళ్లతో రాయించి, పన్నెండు భాగాల గ్రంథం తయారుచేశాడు. 1577 ప్రాంతంలో అది ఒక కొలిక్కి వచ్చింది. ఇప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉంది కాబట్టి ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటారు. అందులో స్పెయిన్ వాళ్లు రాకముందు రాజులు ఏం తినేవారో చెప్పే భాగం ఒకటి ఉంది. రకరకాల మోల్లిలు అక్కడ పేర్లతో సహా కనిపిస్తాయి. ఒకటి ‘తోతోలిన్ పాత్స్‌కల్‌మోల్లి’. సీమకోడి మాంసం, ఎర్ర మిరప, టమాటా, నూరిన గుమ్మడి గింజలు. మరో భాగంలో సంతలో సాస్‌లు అమ్మేవాళ్ల గురించి ఉంది. అంటే వీధిలో అమ్ముకునే సరుకుకి పేరు, రాజుగారి వంటకి పేరు, రెంటిలోనూ ఈ మాటే ఉంది. కొత్తగా అరువొచ్చిన మాట అంత లోతుగా పాతుకుపోదు.

రెండోది, పాత్రల పేర్లు. దాని గురించి ఇక్కడ రోలూరోకలి గారు నాకంటే బాగా చెప్పగలరు.

మూడోది వ్యాకరణం. స్పానిష్‌లో ‘మోలే’ అనే వేరే మాట నిజంగానే ఉంది. లాటిన్ నుంచి వచ్చింది, పెద్ద బరువైన రాశి అని అర్థం. అది స్త్రీలింగం, ‘లా మోలే’. వంటకం మాత్రం పుంలింగం, ‘ఎల్ మోలే’. తమల్లి, అతోల్లి, పోసోల్లి లాంటి నావాట్ల్ తిండిపేర్లు స్పానిష్‌లోకి వెళ్లి తమాల్, అతోలే, పోసోలే అయ్యాయి. అవన్నీ పుంలింగమే. మోలే ఆ వరసలో చక్కగా కూర్చుంటుంది.

స్పానిష్ చెవికి మోలేర్ గుర్తొచ్చి ఈ మాట మరింత తేలిగ్గా అతుక్కుని ఉండొచ్చు. అంతవరకు ఒప్పుకోవచ్చు. పుట్టుక మాత్రం అక్కడ కాదు.

క్వెరెతారో_కిరణ్:

సుజాతక్కా, నేను ఉద్యోగరీత్యా మెక్సికోలోనే ఉంటున్నాను. మాట చరిత్ర పైన బాగా వచ్చింది. ఇక్కడి మనుషులు ఆ మాటని ఎలా వాడతారో నేను చెబుతాను.

బయట దేశాల్లో మోలే అంటే మోలే పొబ్లానో ఒక్కటే అనుకుంటారు. పొబ్లానో అంటే ప్వెబ్లా ఊరిది అని. ఇక్కడ మోలే అనేది ఒక పెద్ద కుటుంబం పేరు. వహాకా రాష్ట్రం వాళ్లు ‘మావి ఏడు మోలేలు’ అని గర్వంగా చెప్పుకుంటారు: నేగ్రో (నలుపు), రోహో (ఎరుపు), కొలొరదీతో, అమరీయో (పసుపు), వేర్దే (పచ్చ), చిచీలో, మాంచమాంతేలెస్. ఏడు అనేది పేరుకే. ఊరూరికీ ఒకటి ఉంటుంది, ఇంటింటికీ తేడా ఉంటుంది.

చాక్లెట్ గురించి. నలుపు మోలేలో, ప్వెబ్లా మోలేలో వేస్తారు. అది కూడా పెద్ద కుండకి కొంచెమే, ఎండుమిరప చేదునీ ఘాటునీ మెత్తబరచడానికి. పచ్చ మోలేలో గుమ్మడి గింజలు, పచ్చిమిరప, పొరలో ఉండే చిన్న ఆకుపచ్చ టమాటాలు, ఆకులు ఉంటాయి. చాక్లెట్ ఉండదు. పసుపు మోలేలోనూ ఉండదు, అందులో మొక్కజొన్న పిండి కలిపి చిక్కబరుస్తారు, ఆ పిండితోనే చిన్న ఉండలు చేసి వేస్తారు. మాంచమాంతేలెస్ అంటే ‘బల్లగుడ్డని మరకలు చేసేది’ అని. అందులో అనాస, అరటి లాంటి పండ్లు పడతాయి. ఇక ‘మోలే దె ఓయా’ అని ఒకటుంది, అది చిక్కటి గ్రేవీ కూడా కాదు. గొడ్డుమాంసం, మొక్కజొన్న కండె ముక్కలు, కూరగాయలు వేసిన పల్చటి ఎర్రటి చారు. చాక్లెట్ సాస్ అని చెప్పేవాళ్లకి ఈ ఒక్క గిన్నె చూపిస్తే చాలు.

అయితే విశేషణం లేకుండా ఉత్తి ‘మోలే’ అంటే మాత్రం ఎక్కువమంది మనసులో మెదిలేది పెళ్లిళ్లలో, బాప్టిజాల్లో, ఊరి జాతరల్లో వడ్డించే ఆ ముదురు రంగు మోలేనే. సంతల్లో ముద్దని గుట్టలుగా పోసి తూకానికి అమ్ముతారు. ఇంటికి తెచ్చుకుని నూనెలోనో పందికొవ్వులోనో వేయించి, కోడి ఉడికించిన నీళ్లతో పలచబరుచుకుంటారు. మెక్సికో నగరం దక్షిణ అంచున మీల్పా ఆల్తాలో సాన్ పేద్రో ఆతోక్పాన్ అనే ఊరుంది. ఆ ఊరి జనంలో ఎక్కువమందికి బతుకుదెరువు మోలేనే. ఏటా అక్టోబరులో మోలే తిరునాళ్లు జరుపుతారు.

వాడుకలో రెండు పలుకుబడులు తరచూ వింటుంటాను. ‘అతను అన్ని మోలేల్లోనూ నువ్వుగింజ’ అంటారు, పిలిచినా పిలవకపోయినా ప్రతి వ్యవహారంలో కనిపించే మనిషి గురించి. ‘ఇది నా మేరో మోలే’ అంటే నాకు బాగా చేతనైన పని, నా సొంత రంగం అని. వంటపేరు మాట్లాడే భాషలోకి ఇంతగా దిగిందంటే అది వాళ్ల జీవితంలో ఎక్కడుందో అర్థమవుతుంది.

సుజాత_డాలస్:

కిరణ్, చాలా థాంక్స్. మోలే దె ఓయా పేరే వినలేదు ఇప్పటివరకు. పదాలపుట్ట గారూ, డుమువుల పోలిక మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ తెలుగు టీచరుగా రిటైరయ్యారు, ఎంత సంతోషించారో.

ఇంకో ప్రశ్న. ఇక్కడ మెనూ వెనక ఒక కథ అచ్చువేశారు. ప్వెబ్లాలో ఒక కాన్వెంటులో సన్యాసినులు, హఠాత్తుగా పెద్ద అతిథి వస్తున్నాడని తెలిసి, ఇంట్లో ఉన్నవన్నీ కలిపి వండేశారనీ, అలా మోలే పుట్టిందనీ. ఇది నిజమా?

చరిత్రప్రియ:

ఈ కథ గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఇది చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

కథ రెండు మూడు రకాలుగా ఉంది. ఎక్కువగా వినిపించేది సాంతా రోసా కాన్వెంటుది. పదిహేడో శతాబ్దం చివర్లో సోర్ ఆంద్రేయా దె లా అసున్సియోన్ అనే సన్యాసిని వైస్రాయ్ కోసమో బిషప్ కోసమో దీన్ని కనిపెట్టిందంటారు. ఇంకో కథలో ఫ్రై పాస్క్వాల్ అనే సన్యాసి వంట చేస్తుంటే గాలి వీచి మసాలాలన్నీ కుండలో పడ్డాయి. ఆ పేరు వంటవాళ్లు కొలిచే సాన్ పాస్క్వాల్ బైలోన్‌ని గుర్తుచేస్తుంది. ఆయన స్పెయిన్‌లో పుట్టి 1592లో స్పెయిన్‌లోనే పోయినవాడు, మెక్సికోలో అడుగుపెట్టలేదు. రంగురంగుల తలవేరా పెంకులు పరిచిన సాంతా రోసా వంటగది ప్వెబ్లాలో నేటికీ ఉంది, జనం వెళ్లి చూస్తారు. కానీ ఈ కథలు ఊరూరా పాకింది ఇరవయ్యో శతాబ్దంలో, మెక్సికన్ విప్లవం తర్వాత, దేశానికంతటికీ ఒక ఉమ్మడి వంటకం కావాలని వెతుక్కుంటున్న రోజుల్లో.

నా బాధ ఏమిటంటే, ఈ కథ మోలేకి పుట్టినరోజు, పుట్టిన ఊరు రాసిచ్చేస్తుంది. అంతకు ముందు వందల ఏళ్లుగా మిరప, టమాటా, గుమ్మడి గింజలు నూరి మోల్లి చేసిన నావా (నావాట్ల్ మాట్లాడే) స్త్రీలని పక్కకి తోసేస్తుంది. మాట నావాట్ల్‌లోనే ఉండగా వంటకం ఒక స్పానిష్ కాన్వెంటులో ఒక్కరోజులో ఎలా పుడుతుంది? పేరే సాక్ష్యం చెబుతోంది కదా.

అలాగని కాన్వెంటుల పాత్ర లేదని నేను అనను. బాదం, నువ్వులు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, లవంగం, మిరియాలు, గోధుమ రొట్టె, వేయించడానికి పందికొవ్వు, ఇవన్నీ స్పెయిన్ వాళ్ల తర్వాత వచ్చినవే. కొన్ని స్పెయిన్ వైపు నుంచి, కొన్ని మనీలా నుంచి అకపుల్కోకి తిరిగిన ఓడల్లో. ఆ ఓడలు 1565 నుంచి 1815 వరకు తిరిగాయి. డబ్బున్న కాన్వెంటుల వంటిళ్లలో ఈ దినుసులు దొరికేవి, నూరడానికి అక్కడి ఆదివాసీ పనివాళ్లు ఉండేవారు. మోలే పొబ్లానో ఆ రెండు ప్రపంచాల మధ్య పెరిగిన వంట. పునాది మాత్రం మోల్లిదే.

తెనాలి_బుల్లోడు:

మిరియాలు, లవంగం, దాల్చిన, నువ్వులు అంటున్నారు. ఇది మన కూరే అన్నట్టుంది. భారతదేశం నుంచి వెళ్లిన అమ్మాయి ఒకావిడ ప్వెబ్లాలో మోలేకి మసాలా నేర్పిందని ఎక్కడో చదివాను. నిజమేనా?

చరిత్రప్రియ:

మీరు చదివింది కాతరీనా దె సాన్ హ్వాన్ గురించి అయ్యుంటుంది. ఆవిడ నిజంగా ఉన్న మనిషే. చిన్నప్పుడే పోర్చుగీసు వాళ్ల చేతికి చిక్కి, కొచ్చిన్, మనీలా మీదుగా మెక్సికోకి బానిసగా చేరింది. ప్వెబ్లాలో బతికి, జనం పుణ్యాత్మురాలిగా కొలుస్తుండగా 1688లో చనిపోయింది. ఆమె జీవితం మీద ఆ రోజుల్లోనే గ్రంథాలు వచ్చాయి. వాటిలో ఆమె భక్తి గురించి ఉంది, మోలే గురించి కాదు. కాబట్టి ఆమెని మోలేతో ముడిపెట్టకండి. ఇంటి నుంచి ఎత్తుకుపోయిన ఆడపిల్ల కథ అది. దాన్ని మన మసాలా గొప్పకి వాడుకోవడం నాకు సరిగా అనిపించదు.

దినుసుల మాట వేరు. మిరియం మలబారు తీరానిది, నువ్వుని మొదట సాగుచేసింది మన ఉపఖండంలోనే. అవి వర్తకంలో లోకమంతా తిరిగాయి. బదులుగా మనకి వచ్చింది మిరప. ఆ లెక్కన బాకీ మనమే ఎక్కువ ఉన్నాం.

రోలూరోకలి:

పదాలపుట్ట గారు పిలిచారు కాబట్టి వచ్చాను. నాకు పాత వంట పనిముట్ల మీద పిచ్చి.

మెక్సికోలో గ్వాకమోలే చేసే రాతి గిన్నె చూసే ఉంటారు, మూడు కాళ్లతో, నల్లటి గరుకు అగ్నిపర్వత రాయితో చేసింది. దాని పేరు మోల్కహేతే. నావాట్ల్‌లో ‘మోల్కాషిట్ల్’. కాషిట్ల్ అంటే గిన్నె. మోల్లి చేసుకునే గిన్నె. ఇక్కడ కూడా పైన చెప్పినట్టే మోల్లి మీది ‘లి’ ఊడిపోయింది చూడండి. స్పానిష్ మోలేర్ నుంచి వచ్చిన మాట అయితే, స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్న ఈ రాతిగిన్నె పేరులోకి అది ఎలా దూరుతుంది?

పెద్ద మోలేకి ఈ గిన్నె సరిపోదు. దానికి మెతాతే కావాలి, నావాట్ల్‌లో ‘మెట్లాట్ల్’. మన సన్నికల్లుకి కాళ్లు పెట్టి కొంచెం వాలుగా నిలబెడితే మెతాతే. పైన రెండు చేతులతో పట్టుకుని తోసే రాతిబద్దని ‘మెట్లాపిల్లి’ అంటారు. పిల్లి అంటే వాళ్ల భాషలో బిడ్డ. మెతాతే బిడ్డ అని పేరు. ఆడవాళ్లు దాని వెనక మోకాళ్ల మీద కూర్చుని, నడుము వంచి నూరేవారు. తెల్లవారకముందే లేచి మొక్కజొన్న, తర్వాత మిరప, తర్వాత గింజలు. పండగ మోలే అంటే చాలామంది ఆడవాళ్లు కలిసి రోజంతా చేసే పని. ఇప్పటికీ పల్లెల్లో చేస్తున్నారు. నలుపు మోలేకి మిరప గింజల్నీ టోర్టియా అనే మొక్కజొన్న రొట్టెనీ నల్లగా మాడ్చాలి. ఆ పొగకి వీధి చివర ఉన్నవాళ్లకి కూడా దగ్గు వస్తుంది. ఎండుమిరప వేయించిన ఏ తెలుగింటికైనా ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మోలే అంటే రుబ్బడం అనే అర్థం తప్పే, కానీ అలా ఎందుకు అనిపిస్తుందో నాకు అర్థమవుతుంది. ఆ శ్రమ కళ్లముందు కనిపిస్తుంది కదా.

గోదారిగట్టు:

గిన్నె పేరు గట్టి ఆధారం. దానితో నాకు స్పష్టత వచ్చింది, రోలూరోకలి గారికి ధన్యవాదాలు. అవకాడో గురించి ఒకటి అడగాలి. ఆ మాటకి అసలు అర్థం పురుషుల శరీరభాగం అనీ, కాయ ఆకారాన్ని బట్టి ఆ పేరు పెట్టారనీ నెట్ నిండా ఉంది. అప్పుడు గ్వాకమోలే అర్థం ఏమవుతుందో చెప్పడానికే ఇబ్బందిగా ఉంది.

పదాలపుట్ట:

దాన్ని తలకిందులుగా ప్రచారం చేస్తున్నారు. ఆవాకాట్ల్‌కి మొదటి అర్థం పండే. మోలీనా నిఘంటువులో కూడా ‘తెలిసిన పండు’ అని ముందు ఇచ్చి, తర్వాత రెండో అర్థం ఇచ్చాడు. ఆ రెండోది జనం చాటుగా వాడే మాట. ప్రతి భాషలోనూ పండ్ల పేర్లు ఇలా వాడుకుంటారు, మనకీ తెలుసు. నావాట్ల్‌కీ దాని సోదర భాషలకీ మూలమైన పాత భాషలో కూడా ఈ మాట అవకాడోకే ఉండేదని భాషా పండితులు పునర్నిర్మించారు. కాబట్టి గ్వాకమోలే అంటే అవకాడో మోలే, అంతే.

ఇంగ్లీషులో అవకాడో అనే రూపం రావడం మరో కథ. స్పానిష్ వాళ్లు ఆవాకాట్ల్‌ని ‘అగ్వకాతే’ అన్నారు. వాళ్ల భాషలో వకీలుకి ఉన్న పాత మాట ‘అవొకాదో’. వినడానికి దగ్గరగా ఉండటంతో రెండూ కలగలిసిపోయాయి. ఫ్రెంచిలో ఇప్పటికీ పండుకీ వకీలుకీ ఒకటే మాట.

తెనాలి_బుల్లోడు:

అయితే మన తెలుగులో నావాట్ల్ మాటలు ఇంకేమున్నాయి? టమాటా అని తెలుసు.

పదాలపుట్ట:

టమాటా, ‘తోమాట్ల్’ నుంచి. విశేషం ఏమిటంటే తోమాట్ల్ అనేది గుండ్రటి రసం కాయలకి ఉమ్మడి పేరు, మనం తినే ఎర్రదాన్ని వాళ్లు ‘షీతోమాట్ల్’ అనేవారు. మెక్సికో నగరం చుట్టుపక్కల ఇప్పటికీ ఎర్రది హితోమాతే, పొరలో ఉండే ఆకుపచ్చది తోమాతే. కిరణ్ రోజూ వింటూ ఉంటాడు.

సపోటా, ‘త్సపోట్ల్’ నుంచి. మెత్తటి తియ్యటి పండ్లకి వాళ్లు వాడిన మాట. సపోటా చెట్టు పాలని నావాట్ల్‌లో ‘త్సిక్ట్లి’ అంటారు, మొదట్లో చూయింగ్ గమ్ చేసింది ఆ పాలతోనే. చాక్లెట్ కూడా నావాట్ల్ నుంచే వచ్చింది గానీ, దాని అసలు రూపం మీద పండితుల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. ఇక హోటల్లో చిల్లీ చికెన్ అడిగినప్పుడు ఆ ‘లి’ ప్రత్యయంతో సహా నావాట్ల్ పలుకుతున్నాం, ‘చీల్లి’ వాళ్ల మాటే. మన మిరప మాత్రం అలా కాదు. వచ్చిన కాయకి మనకి ముందే తెలిసిన మిరియం పేరు మీద పేరు పెట్టుకున్నాం.

ఒంగోలు_రైతుబిడ్డ:

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మా వైపు వాళ్లకి పనికొచ్చే ఒక సంగతి ఉంది, ఎవరూ రాయలేదు.

పేపర్ మిల్లుల కోసం ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో ఎకరాల కొద్దీ సుబాబుల్ వేస్తాం కదా. ఆ చెట్టు సొంత ఊరు మెక్సికో. నావాట్ల్‌లో దాన్నీ, దాని దగ్గరి జాతుల్నీ కలిపి ‘వాషిన్’ అంటారు, స్పానిష్‌లో గ్వాహే. వహాకా అనే పేరు ‘వాష్యాకాక్’ నుంచి వచ్చింది. యాకట్ల్ అంటే ముక్కు, మొన. గ్వాహే చెట్ల కొన దగ్గర ఉన్న చోటు అని అర్థం. కిరణ్ గారు చెప్పిన ఏడు మోలేల రాష్ట్రానికి పేరు ఆ చెట్ల మీద వచ్చింది.

ఇంకా ఉంది. ఆ కాయల్లోని గింజల్ని వాళ్లు తింటారు. వాటితో చేసే మోలేకి ‘వాష్‌మోలే’ అని పేరు. ప్వెబ్లా రాష్ట్రంలో తెవకాన్ ప్రాంతంలో అక్టోబరు వచ్చిందంటే మేకల మందల్ని కోస్తారు, వాటి తుంటి, వెన్ను ఎముకలతో ఎర్రటి పల్చటి పులుసు కాస్తారు. మోలే దె కదేరాస్ అంటారు, అందులో గ్వాహే గింజలు వేస్తారు. మేం పశువులకి ఆకు వేసి, కర్ర మిల్లుకి తోలుతాం. గింజల వైపు మాత్రం చూడం. చూడమనీ చెప్పను, అక్కడ వాళ్లకి ఏ రకం తినాలో, ఎలా తినాలో తెలుసు. మా పొలంగట్టు మీది చెట్టుకి ఇంత సంగతి ఉందని తెలిశాక నాకు చాలా ఉత్సాహంగా ఉంది.

నల్లరేగడి:

ఒంగోలు అన్నా, ఇది మాత్రం ఎవరూ ఊహించని సంగతి. మా ఊళ్లో కూడా సుబాబుల్ ఉంది.

తెలుగులో మోలే అని రాయాలా, మోల్ అని రాయాలా? పత్రికల్లో మోల్ అని చూశాను.

క్వెరెతారో_కిరణ్:

మోలే అనే రాయాలి తమ్ముడూ. ఇక్కడ చివరి అచ్చు స్పష్టంగా పలుకుతారు, ఊనిక మాత్రం ‘మో’ మీద. గ్వాకమోలేలో కూడా ఊనిక ‘మో’ మీదే. మొదటి గకారం చాలామంది నోట్లో వినీవినపడనట్టు ఉంటుంది, ‘వాకమోలే’ అన్నట్టే వినిపిస్తుంది. నావాట్ల్‌లో అసలు గకారం లేదు కదా.

సుజాత_డాలస్:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నేను అడిగింది ఒక్క మాట అర్థం, ఇంత వస్తుందనుకోలేదు. మా అత్తగారు శాకాహారి. ఇంట్లో చేద్దాం అంటున్నారు. సీసాల్లో దొరికే పేస్టు వాడొచ్చా? వచ్చే నెల ఆవిడ హైదరాబాద్ వెళ్లాక కూడా చేసుకోగలగాలి.

క్వెరెతారో_కిరణ్:

అక్కా, సీసా పేస్టుల్లో కొన్నింటిలో కోడి పులుసు పొడి గానీ పందికొవ్వు గానీ ఉండొచ్చు. లేబుల్ పూర్తిగా చదవకుండా అమ్మగారికి పెట్టకండి. పొబ్లానో లాంటి ఎర్ర మోలే హైదరాబాద్‌లో చేయాలంటే గుంటూరు మిరప వద్దు, కారం అన్నిటినీ మింగేస్తుంది. ఇక్కడి ఆంచో, ములాతో మిరపలు రంగు, రుచి ఇచ్చేవి, కారం తక్కువ. బ్యాడిగి మిరప వాటికి కొంత దగ్గర. అయినా ఆ తియ్యటి ఎండుద్రాక్ష లాంటి వాసన పూర్తిగా రాదు.

అమ్మగారికి నేను సూచించేది పచ్చ మోలే. దినుసులు దాదాపు అన్నీ మన దగ్గర దొరుకుతాయి. గుమ్మడి గింజలు సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేయించండి, రంగు మారనివ్వొద్దు, మాడితే చేదొస్తుంది. పొర టమాటాలు దొరకవు కాబట్టి పచ్చి టమాటాలు తీసుకోండి. వాటిని ఉల్లి, వెల్లుల్లి (అమ్మగారు తింటేనే), పచ్చిమిరపతో కలిపి ఉడికించి, గింజలతో పాటు మెత్తగా రుబ్బండి. రెండు చెంచాల నూనెలో ఆ ముద్దని అంచులు నూనె వదిలేదాకా వేయించి, కూరగాయలు ఉడికించిన నీళ్లు పోసి పలచబరచండి. బంగాళాదుంప, బీన్స్, బెంగుళూరు వంకాయ ముక్కలు విడిగా ఉడికించి వేయండి. బెంగుళూరు వంకాయ కూడా ఇక్కడిదే, దీన్ని చయోతే అంటారు, నావాట్ల్ మాటే. కొత్తిమీరని మాత్రం చివర్లో రుబ్బి కలిపి, ఒక్క పొంగు రాగానే దించేయండి. ఎక్కువసేపు మరిగితే ఆకుపచ్చ పోయి బూడిదరంగు తిరుగుతుంది. పులుపు చాలకపోతే నిమ్మకాయ పిండుకోవచ్చు.